కంపుపురుగుల కినుయో

వేడినీటి ఊటల్లో స్నానాలకి జనం వచ్చే మత్సుకురా సత్రంలో ఏ గది తలుపు తీసినా బల్ల మీద టీ కప్పులుంటాయి, ఎర్ర చిక్కుడుగింజల మిఠాయి ఉంటుంది, వాటి పక్కనే అట్టపెట్టెలకు అంటించే గోధుమరంగు టేపు చుట్ట ఒకటి ఉంటుంది. పట్నం నుంచి మొదటిసారి వచ్చినవాళ్ళు ఎవరో పనివాళ్ళు మర్చిపోయారనుకుని, పాపం, ఆ టేపుని కిందికి తెచ్చి ఇచ్చేస్తారు. "ఉంచుకోండి, మీకే పనికొస్తుంది" అని మళ్ళీ వాళ్ళ చేతిలోనే పెట్టి పంపిస్తారు.

అక్టోబరు సగం దాటిందంటే ఆ కొండలోయలో కంపుపురుగులు చలికాలం గడపడానికి ఇళ్ళల్లోకి వచ్చేస్తాయి. పొద్దున్న మంచు పడి, మధ్యాహ్నం ఎండ కాస్తే చాలు, దక్షిణం వైపు గోడ మీద పెళ్ళివారిలా దిగుతాయి. గోరు పట్టే సందు దొరికితే లోపలికి దూరతాయి. వాటిని టేపుతో మెల్లిగా అద్ది, మడిచి పారెయ్యాలి. చేత్తో నలిపినా, కాలితో తొక్కినా ఇక ఆ పూట అన్నం సహించదు. కొత్తిమీర కట్ట వారం రోజులు నీళ్ళల్లో కుళ్ళితే ఎలా ఉంటుందో అలాంటి కంపు. అందుకే ఆ ఊళ్ళో ముసలివాళ్ళకి కొత్తిమీర చూపిస్తే, పురుగుల్ని నూరి తెచ్చావా అంటారు. చారులో కొత్తిమీర పడకపోతే గిన్నె పక్కకి నెట్టేసే మనవాళ్ళని చూస్తే ఏమంటారో మరి.

ఆ సత్రంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా మేడ మీద గదులు సర్దే మనిషి కినుయో. అరవై ఎనిమిదేళ్ళుంటాయి. మనిషి పొట్టి, నోరు పెద్దది, నోటికన్నా ముక్కుకి పేరు పెద్దది. అతిథులు రాకముందు గది గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గాలి పీల్చేది.

"తెర వెనకాల ఒకటుంది. గోధుమరంగుది. గోడమీద పటం వెనకాల ఇంకోటి, ఆకుపచ్చది" అనేది.

వెళ్ళి చూస్తే ఉండేవి. గోధుమరంగుది కుళ్ళిన కొత్తిమీరట, ఆకుపచ్చది చేత్తో నలిపిన పచ్చగడ్డట, పసుపు పొట్టది మాత్రం పచ్చి ఆపిల్ వాసనట. "దాన్ని కంపుపురుగు అనడం అన్యాయం. అత్తరు పురుగనాలి" అనేది కినుయో. వంటింటి గోడకున్న పనుల పలక మీద అందరికన్నా పైన ఆమె పేరే. ఆ పేరు పక్కన ఎవరో సుద్దముక్కతో ఇంత లావు ముక్కు బొమ్మ గీశారు. ఎవరో ఏమిటి, ఆడపడుచు మినెకోయే గీసింది. కినుయో చెరపనివ్వలేదు.

అలాంటి ముక్కు ఆగస్టులో పోయింది.

ఎండాకాలం జలుబు పట్టి పది రోజులు మంచం మీద ఉంది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ముల్లంగి ఊరగాయ జాడీ మూత తీసి తల లోపలికి పెట్టినా ఏమీ లేదు. వారంలో వస్తుందిలే అనుకుంది. నెల గడిచింది. డాక్టరు దగ్గరికి వెళ్తే, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ మాట చెప్పడానికి బస్సెక్కించి అంత దూరం రప్పించాలా అని దారిపొడుగునా తిట్టుకుంటూ ఇంటికొచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. సత్రంలో వయసు మళ్ళినవాళ్ళని కింద తువ్వాళ్ళ గదికి పంపిస్తారు. బాయిలరు పక్కన, కిటికీ లేని గది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కతే కూర్చుని తువ్వాళ్ళు మడతపెట్టాలి. మొగుడు పోయి ఆరేళ్ళయింది, ఇంట్లో గోడలు తప్ప మాట్లాడేవాళ్ళు లేరు. మేడ మీద గదుల్లో అయితే రోజుకో కొత్త మొహం. ఎవరి కోడలు ఎలాంటిదో, ఎవరి మోకాళ్ళకి ఏ నీళ్ళు పడ్డాయో, అన్నీ ఆమెకే చెబుతారు. ఆ మాటల మీదే బతుకుతోంది మనిషి. ముక్కు పోయిందని తెలిస్తే మాటలూ పోతాయి.

మినెకోకి మాత్రం ఆ తర్వాత పది రోజుల్లోనే తెలిసిపోయింది. మినెకో కినుయో మొగుడి చెల్లెలు, సత్రం వంటింట్లో పని. ఒక ఆదివారం వదినగారింటికి వచ్చి, పొయ్యి మీద చేప పెట్టి, కబుర్లలో పడి మర్చిపోయింది. ఇల్లంతా పొగ. కినుయో దాని పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకుంటోంది.

"వదినా, ముక్కు ఏ ఊరు పంపించావే?"

"ఏం, ఇక్కడే ఉందిగా."

"మొహం మీదైతే ఉంది. లోపల ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నా. చేప బొగ్గయింది."

కినుయో పొయ్యి వైపు చూసింది. చేపని చూసింది. "నువ్వు వండితే ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కదా అని ఊరుకున్నా" అంది. కానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పొగ మీదికి తోసేసింది.

"సత్రం అమ్మగారికి చెప్పెయ్యి. సుమియె అమ్మగారు మంచిదే" అంది మినెకో.

"మంచిదే. అందుకే మంచిగా తువ్వాళ్ళ గదికి పంపిస్తుంది."

"మరి ఏం చేస్తావు? పురుగుల నెల వస్తోంది."

"కళ్ళున్నాయిగా."

"కళ్ళా! మొన్న నన్ను చూసి పోస్టుమాన్ అనుకున్నావు."

"నీ నడక అలాంటిది" అంది కినుయో.

అలా అరవై ఎనిమిదేళ్ళ వయసులో కినుయో చదువు మొదలైంది. బడికి వెళ్ళింది ఆరేళ్ళే, అందులో సగం మంచులో గడిచింది. పుస్తకాల జోలికి పోలేదు. ఖాళీ జామ్ సీసాలు కిటికీలో వరసగా పెట్టి, ఒక్కో సీసాలో ఒక్కో రకం పురుగుని వేసి, ముందు కళ్ళజోడు పెట్టుకుని చూసింది, తర్వాత కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని చూసింది. పురుగులు కూడా ఆమెని చూసే ఉంటాయి. ఏమనుకున్నాయో.

అన్నిటికీ వీపు మీద ఢాలు ఆకారం ఉంటుంది, అంతవరకూ ఒకటే కుటుంబం. ఆ తర్వాత తేడాలు. గోధుమరంగుదాని మీసాల్లో తెల్లటి పట్టీలుంటాయి, పొట్ట అంచు చుట్టూ నలుపు తెలుపు గళ్ళుంటాయి. దానికి ఊరిపెద్ద అని పేరు పెట్టింది, పిలవకపోయినా ప్రతి ఇంటికీ వచ్చి కూర్చుంటుంది కాబట్టి. వేలిగోరంత ఉండి రాగిచెంబులా మెరిసేది గుమాస్తా. ఎప్పుడూ గుంపుగా, పటాల వెనక, గడియారం వెనక, ఎక్కడ చీకటిగా ఉంటే అక్కడ చేరుతుంది. నిగనిగలాడే ఆకుపచ్చది కొత్త కోడలు, దీపం వెలిగిందంటే బయటికి వస్తుంది, ఆరేసిన బట్టల మీద వాలుతుంది. సన్నగా పొడుగ్గా ఉండి వెనకకాళ్ళు ఆకుల్లా వెడల్పయినది తహసీల్దారు, పైన్ కట్టెల మోపు మీద తిరుగుతుంది. వీపు మీద అచ్చం గుండె బొమ్మ ఉన్నది పెళ్ళికూతురు. దాన్ని పట్టుకున్న రోజు మినెకో అయిదు నిమిషాలు నోరు మూసుకుంది, అది అంతకుముందెప్పుడూ జరగలేదు.

ఒకరోజు తల సన్నగా, ముక్కు కొక్కెంలా వంగి ఉన్నదొకటి దొరికింది. కినుయో దాన్ని కూడా కంపుపురుగే అనుకుని వేలితో సీసాలోకి తోసింది. అది కుట్టింది.

"అమ్మో! చచ్చాన్రో!"

"ఇదేం ఉద్యోగం, వదినా?" అంది మినెకో వేలికి మందు రాస్తూ.

"ఇది మనవాళ్ళల్లోది కాదు. మెడ చూడు, ఎంత సన్నగా ఉందో. దొంగ వెధవ, వేషం వేసుకొచ్చింది." ఆ వేలు మూడు రోజులు వాచిపోయింది. అయినా ఆ సీసాకీ ఒక పేరు పెట్టింది. ఆ పేరు మాత్రం ఇక్కడ రాయకూడదు, వాళ్ళ వీధిలో ఆయన ఇంకా బతికే ఉన్నాడు.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. కినుయో ఊరిపెద్ద ఉన్న సీసా మూత తీసి మినెకో ముక్కు దగ్గర పెట్టింది. "కంపు కొడుతోందా?"

"లేదే. ఏమీ లేదు. నీ జలుబు నాకు అంటించావా ఏమిటే!"

సీసాని కాస్త ఊపింది. మినెకో ఎగిరి అవతలికి దూకింది. "ఛీ ఛీ! ఇప్పుడు కొడుతోంది! ముయ్యి ముందు!"

కినుయో మూత పెట్టి చాలాసేపు ఆ సీసా వైపే చూసింది. కదపనంతసేపూ దానికి వాసనే లేదు. బెదిరినప్పుడే కంపు. అంటే ఇన్నేళ్ళూ గుమ్మంలో నిలబడి ఆమె పట్టినవన్నీ బెదిరిపోయినవే. హాయిగా నిద్రపోతున్నవి ఆమె ముక్కు కిందనుంచే, అతిథుల పరుపుల్లోకి వెళ్ళి పడుకున్నాయన్నమాట. ఈ సంగతి మినెకోకి చెప్పలేదు. చెబితే పలక మీద ముక్కు బొమ్మ పక్కన మినెకో ఇంకేం గీస్తుందో!

అక్టోబరు వచ్చింది. ఆ ఏడాది పురుగులు ఎక్కువే. మంచు ఎక్కువ పడుతుందని ఊరంతా అనుకుంటూ కిటికీలకి చెక్కలు ముందే బిగించేసుకుంటోంది. కినుయో మునుపటిలాగే గుమ్మంలో నిలబడేది, కళ్ళు మూసుకునేది, ఛాతీ నిండా గాలి పీల్చేది, "ఊఁ" అనేది. అదంతా అమ్మగారి కోసం నాటకం. అమ్మగారు మెట్లు దిగగానే అసలు పని మొదలుపెట్టేది. తెరల మడతలు ఒక్కొక్కటీ విప్పేది. పటం తిప్పేది, గడియారం దింపేది. పరుపులు పరిచి, దులిపి, మళ్ళీ మడిచేది. అతిథులు స్నానం చేసి తొడుక్కునే నూలు అంగీలు చేతులు తిరగేసి మరీ చూసేది. కిటికీ చట్రాల సందుల్లో పాత దువ్వెన పళ్ళు దూర్చి ఊరిపెద్దల్ని ఒక్కొక్కరినే బయటికి పిలిచేది. బయటికొచ్చినవాణ్ణి, ప్లాస్టిక్ సీసా మెడ కోసి తలకిందులుగా బిగించిన ఉచ్చులోకి, సబ్బునీళ్ళల్లోకి, మర్యాదగా సాగనంపేది. గదికి ఇరవై నిమిషాలు పట్టేది ఇప్పుడు గంట పట్టేది. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి, మధ్యాహ్నం భోజనం మానేసి ఆ సమయం సంపాదించుకునేది. అడిగితే, లావెక్కుతున్నానని చెప్పేది. ఆమె నడుము చూసినవాళ్ళెవరూ నమ్మలేదు.

అన్నిటినీ తట్టుకోవచ్చు గానీ, నవంబరు మొదటివారంలో కురమొచి వస్తాడు.

కురమొచి రేవుపట్నంలో టోఫు, అంటే సోయాపాల పనీరు, చేసి అమ్మి, దుకాణం అల్లుడికి అప్పగించినవాడు. ఏటా నాలుగు రోజులు వచ్చి నీళ్ళల్లో మునుగుతాడు. వెళ్ళేరోజు పొద్దున్న భోజనశాలలో అందరి ముందూ కినుయోకి ఒక పరీక్ష పెడతాడు. పళ్ళెంలో ఒక పురుగుని పెట్టి, దాని మీద గిన్నె బోర్లించి తెస్తాడు. కినుయో కళ్ళకి తువ్వాలు కడతారు. గిన్నె తీస్తాడు. ఏ పురుగో వాసన బట్టి చెప్పాలి. చెబితే కొత్త సంవత్సరానికి ఒక పెట్టెడు వేయించిన టోఫు పంపిస్తాడు. తప్పితే బస్సు దగ్గర ఆమె పాట పాడాలి. పద్నాలుగేళ్ళుగా కినుయో టోఫు తింటూనే ఉంది. ఆమె పాట ఎవరూ వినలేదు.

"ఈసారి ఒంట్లో బాగాలేదని చెప్పు" అంది మినెకో.

"చెబితే అమ్మగారు డాక్టరు దగ్గరికి పంపిస్తుంది. ఆ డాక్టరు నోట్లో నువ్వుగింజ నానదు."

"పోనీ నేను పక్కన నిలబడి దగ్గుతా. ఒక దగ్గయితే ఊరిపెద్ద, రెండయితే కోడలు."

"నువ్వు దగ్గితే ఆగవు. వరసగా ఏడు వస్తాయి. ఏడో పురుగు లేదు మన దగ్గర."

చివరికి కినుయోయే ఒక దారి కనిపెట్టింది. పింగాణీ పళ్ళెం మీద ఊరిపెద్ద నడిస్తే గోళ్ళ చప్పుడు అవుతుంది. కొత్త కోడలు ఆగి ఆగి నడుస్తుంది. తహసీల్దారు కాళ్ళు ఈడుస్తాడు. గుమాస్తా ఒక్కడే చప్పుడు చెయ్యడు. నాలుగు రాత్రులు కళ్ళకి గంతలు కట్టుకుని, పళ్ళెం మీద చెవి పెట్టి సాధన చేసింది. పదికి ఎనిమిది సరిగ్గా చెప్పగలిగింది. ఒకసారి ఊరిపెద్ద చెవిలోకి ఎక్కబోయాడు, అది వేరే సంగతి.

కురమొచి వచ్చాడు. మూడు రోజులు మునిగాడు. నాలుగో రోజు పొద్దున్న భోజనాలయ్యాక పళ్ళెం పట్టుకుని భోజనశాలలోకి వచ్చాడు. అతిథులు పదిహేనుమంది దాకా ఉన్నారు. అమ్మగారు గుమ్మం దగ్గర నిలబడింది. మినెకో వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చేసింది.

"ఏమండీ ముక్కుగారూ, సిద్ధమేనా?"

"నేనెప్పుడూ సిద్ధమే, టోఫుగారూ. కిందటేడు పంపినవి కాస్త గట్టిగా ఉన్నాయి, ఈసారి మెత్తగా పంపండి."

అందరూ నవ్వారు. తువ్వాలు కట్టారు. గిన్నె ఎత్తిన చప్పుడైంది. కినుయో ముక్కుపుటాలు ఎగరేసింది, తల వంచి చెవిని పళ్ళెం దగ్గరికి తెచ్చింది. గోళ్ళ చప్పుడు లేదు. ఆగి నడిచే నడక లేదు, ఈడ్చే కాళ్ళు లేవు. అంతా నిశ్శబ్దం. నిశ్శబ్దమంటే ఇంకెవరు!

"గుమాస్తా" అంది ధైర్యంగా. మళ్ళీ సర్దుకుని, "అదే, చిన్నది. రాగిరంగుది. వాసన మహా ఘాటుగా ఉంది" అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కినుయో తువ్వాలు లాగేసుకుంది. పళ్ళెం తెల్లగా, శుభ్రంగా ఉంది. అందులో ఏమీ లేదు.

"ఎగిరిపోయింది!" అని అరిచింది మినెకో. "నేను చూశా! ఇప్పుడే, ఇటు నుంచే!"

"నువ్వు నా వెనకాలున్నావు మినెకో" అంది అమ్మగారు.

"వెనక్కే ఎగిరిందండీ!"

కురమొచి మొహం పాలిపోయింది. "అయ్యో, నేను కావాలని చెయ్యలేదండీ. ఖాళీ గిన్నె పెడితే ఏమీ లేదని మీరు ఠక్కున చెప్పేస్తారనుకున్నా. గెలిపిద్దామనే పెట్టా."

కినుయో చెవులు ఎర్రబడ్డాయి. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. పళ్ళెం పక్కన పెట్టి అమ్మగారి ముందుకు వెళ్ళి నడుం వంచింది.

"ముక్కు పోయిందండీ అమ్మగారూ. ఆగస్టులోనే. మీకు చెప్పలేదు, నాదే తప్పు. తువ్వాళ్ళ గది తాళం ఇప్పించండి."

అమ్మగారు కురమొచి వైపు తిరిగింది. "అసలు ఖాళీ గిన్నె ఎందుకు పెట్టారండీ? ఏటా పురుగునే పెడతారుగా."

"దొరికితేనా!" అన్నాడు కురమొచి. మూడు రోజులుగా లోపల పెట్టుకున్న కోపమంతా ఒక్కసారి బయటికొచ్చింది. "మూడు రోజులు వెతికానండీ! తెరలు దులిపా, పరుపు ఎత్తా, గడియారం దింపా. ఈ వయసులో బల్ల కింద పాక్కుంటూ వెళ్ళా. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఊళ్ళో గోడలన్నీ పురుగులే, ఈ గదిలో మాత్రం లేవు. బయట గోడ మీదనుంచి పట్టుకొస్తే అన్యాయం కదా అని ఊరుకున్నా. పద్నాలుగేళ్ళుగా వస్తున్నా, సత్రం ఇలా అయిపోయిందేమిటండీ!"

పక్క బల్ల దగ్గరున్న ఆవిడ కూడా అందుకుంది. "మా గదిలో కూడా లేవు. టేపు చుట్ట కవరు కూడా విప్పలేదు మేము. ఇంటికి తీసుకుపోవచ్చా?"

"తీసుకుపోండి" అంది అమ్మగారు. "ఏటా ఈపాటికి రెండో పెట్టె టేపు తెప్పిస్తాను. ఈ ఏడాది మొదటి పెట్టెలోనే సగం మిగిలింది. ఎందుకా అని నెల రోజులుగా ఆలోచిస్తున్నా." కినుయో వైపు తిరిగింది. "ఎలా పట్టారు మరి, కినుయోగారూ?"

"చూసి" అంది కినుయో చిన్నగా.

"చూసి?"

"మడత మడతా విప్పి చూసి. అదీగాక..." కినుయో ఎటూ పరువు పోయింది, ఇది కూడా పోనీ అనుకుంది. "బెదిరితే తప్ప వాటికి వాసన రాదండీ. నిద్రపోతున్నవాటిని నా ముక్కు ఏనాడూ పట్టలేదు."

"అంటే," అంది మినెకో గరిటె ఊపుతూ, "ఇన్నేళ్ళూ పలక మీద నేను గీసిన ముక్కు ఉత్తదేనా!"

భోజనశాలంతా నవ్వింది. కినుయోకి కూడా నవ్వాగలేదు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"తువ్వాళ్ళ గదికి మిమ్మల్ని పంపను" అంది అమ్మగారు. "పంపినా లాభం లేదు, తువ్వాళ్ళు తిరిగి మాట్లాడవు, మీరు మూడో రోజుకే పైకి వచ్చేస్తారు. రేపటినుంచి గదులు సర్దే మిగతా ఇద్దరికీ ఎలా చూడాలో నేర్పండి. మధ్యాహ్నం భోజనం మాత్రం మానకండి. లావెక్కుతున్నానని చెబుతున్నారట, వినేవాళ్ళకి సిగ్గేస్తోంది."

మినెకో అప్పటికే వంటింట్లోకి పరిగెత్తింది. పలక మీద ముక్కు బొమ్మ చెరిపేసి, దాని చోట రెండు పెద్ద కళ్ళు గీసింది. ఆ కళ్ళకి కళ్ళజోడు కూడా పెట్టింది. చూస్తే అచ్చం ఊరిపెద్దలా ఉంది.

పందెం మాత్రం పందెమే. కురమొచి వద్దన్నా వినకుండా కినుయో అతని సంచి మోసుకుంటూ బస్సు దగ్గరికి వచ్చింది. వెనకాల సగం సత్రం వచ్చింది. ఆమె వరి కోతల పాట ఎత్తుకుంది. మొదటి చరణం దాటేసరికి, పద్నాలుగేళ్ళుగా ఆమె ఎందుకు గెలుస్తూ వచ్చిందో అందరికీ అర్థమైంది. బస్సు డ్రైవరు గబగబా తలుపు తీశాడు.

కురమొచి మెట్టెక్కుతుంటే కోటు కాలరు మీద ఏదో కదిలింది. మీసాల్లో తెల్ల పట్టీలు, పొట్ట అంచున నలుపు తెలుపు గళ్ళు. కినుయో దూరం నుంచే గుర్తుపట్టేసింది. చెయ్యి ఎత్తబోయి ఆగింది.

"ఏమిటే వదినా, అలా చూస్తున్నావు?" అంది మినెకో.

"ఏం లేదు. వచ్చే ఏడాది పరీక్షకి పురుగుని ఆయనే ఇంటినుంచి తెచ్చుకుంటాడు" అంది కినుయో. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడింది.